అలిగి వెళ్ళిపోయిన ఉప్పు

ఒకప్పుడు ఉప్పు సముద్రంలో ఉండేది కాదు. అవునర్రా, నవ్వకండి. నేలమీదే ఉండేది, మన మధ్యే తిరిగేది. గడ్డి మొదళ్ళలో, రాళ్ళ సందుల్లో, వాగు ఒడ్డున తెల్లగా పరుచుకుని పడుకునేది. పొద్దున్నే మేకలు గుట్టకు పోతుంటే లేచి వాటి వెంట పడేది. అది ఒట్టి వాగుడుకాయ. మేకలు మేస్తున్నంతసేపూ పక్కన చేరి ఏవో కబుర్లు చెబుతూనే ఉండేది.

ఏం రోజులవి! గడ్డి తింటే చాలు, నోటికి రుచి, ఒంటికి సత్తువ. మేకల వెంట్రుకలు నూనె రాసినట్టు నిగనిగలాడేవి. పితకడానికి కూర్చుంటే చెంబు నురగతో పొంగిపోయేది. పిల్లలు పుట్టిన పూటే బండలెక్కి దూకేవి.

ఆ మేకలు బీరవ్వవి. బీరవ్వ ముసలిది, ఒంటరిది. మందే ఆమె సంసారం. మనసు వెన్న, కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. ఆమెకు ఒకటే పిచ్చి, తన ఇంటి గోడ. ఎర్రమట్టి మెత్తి, అరచేత్తో నున్నగా అలికి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయేది.

ఉప్పుకేమో సాయంత్రం మందతో పాటు ఇంటికొచ్చి ఆ గోడకే చేరగిలబడి కూర్చోవడం అలవాటు. అది ఆనుకున్న చోటల్లా గోడ తెల్లగా పొక్కి, పెచ్చులు పెచ్చులుగా రాలిపోయేది. బీరవ్వ మళ్ళీ మెత్తేది. అది మళ్ళీ రాలేది.

ఒకనాడు ఆమెకు తిక్క రేగింది. చీపురు తీసుకుని ఉప్పు మీదికి పోయింది.

"నీతోని నాకేం లాభం? పాలిస్తవా, పిల్లల్ని కంటవా? నా గోడ తినుడు తప్ప నీకేం పని? పో, నా కండ్లకు కనపడకు."

అంతటి వాగుడుకాయ నోరు మూసుకుంది. అప్పుడే వాన అటుగా పోతోంది. ఉప్పు లేచి దాని వెంట నడిచింది. వాగులో దిగి, ఏట్లో కలిసి, వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ సముద్రం దాకా వెళ్ళిపోయింది.

గోడ నున్నగా నిలిచింది. బీరవ్వ సంబరపడింది. కానీ ఆ సంబరం ఎంతోకాలం లేదు. మేకలు మేస్తూనే ఉన్నాయి, మేత మాత్రం ఒంటికి పట్టడం లేదు. వెంట్రుకలు పెళుసుబారాయి. చెంబు అడుగు తడవడమే గగనమైంది. కొన్ని మన్ను తిన్నాయి, కొన్ని ఒకదాని వెంట్రుకలు ఒకటి నమిలాయి. మొహం మీద తెల్లమచ్చ ఉన్న బొల్లి మేక ఆ రోజుల్లోనే ఈనింది. పిల్ల పుట్టింది గానీ లేచి నిలబడలేకపోయింది.

బీరవ్వ చుట్టుపక్కల చెట్లన్నిటినీ బతిమాలింది. పాపం, ఒక్క చెట్టూ కాదనలేదు. కడుపులో పురుగులుంటే నా ఆకు చూసుకుంటుందని వేప కొమ్మ వంచింది. రోజూ గుప్పెడాకు పెడితే పాలు పడతాయని అవిసె చెప్పింది. తుమ్మచెట్టు తన ముళ్ళు గుచ్చుకోకుండా చూసుకుని మరీ కాయలు రాల్చింది. బీరవ్వ అన్నీ తెచ్చి పెట్టింది. మేకలు తిన్నాయి, కాస్త తేరుకున్నాయి కూడా. అయితే తినడం అయ్యాక తలెత్తి గోడవైపు చూసేవి. బొల్లి పిల్ల మాత్రం లేవనే లేదు.

చివరికి బొల్లి నోరు తెరిచింది.

"అవ్వా, ఆకులన్నీ మంచియే. మాకు కావల్సింది వాటిల్ల లేదు. సాయంత్రం గోడకాడ కూసునే మా దోస్తు ఏడి?"

తను ఎవరిని వెళ్ళగొట్టిందో బీరవ్వకు అప్పుడు తెలిసొచ్చింది. పిల్లను మెడమీద వేసుకుని, నాలుగు కాళ్ళూ రొమ్ము దగ్గర కలిపి పట్టుకుని, ఏటి వెంట బయలుదేరింది. పిల్ల ఊపిరి వెచ్చగా మెడకు తగులుతుంటే ధైర్యంగా నడిచేది. తగలకపోతే ఆగి, చెవి ఆనించి విని, మళ్ళీ నడిచేది.

అలా అలా సముద్రం దగ్గరికి చేరింది. మా ఉప్పును మాకిచ్చెయ్యమని అడిగింది. తన దగ్గరికి వచ్చినవాళ్ళను తిరిగి పంపే అలవాటు తనకు లేదని సముద్రం చెప్పేసింది.

అవ్వ గొంతు విని ఉప్పు అలల్లోంచి తలెత్తింది. బీరవ్వను చూసి ముందు మొహం తిప్పుకుంది. మెడమీద పిల్లను చూశాక బిగువు సడలింది. బొల్లి ఎలా ఉందని అడిగింది. గుట్టమీది పెద్ద బండ అలాగే ఉందా అని అడిగింది. అక్కడ మేకలతో ఆడుకున్న ఆటలు ఇప్పటికీ కలలోకి వస్తాయంది. చివరికి గోడ ఎలా ఉందని కూడా అడిగింది.

"గోడ బాగనే ఉంది తమ్మీ. ఇల్లే బాగ లేదు. నాది తప్పయింది, ఇంటికి రా."

ఉప్పు కాసేపు ఆలోచించింది. నేలమీద నడిచి వస్తే వాన మళ్ళీ ఇక్కడికే తోలుకొస్తుంది. సముద్రమా, మొత్తంగా వదలదు. ఎక్కడైనా దాక్కునే చోటుంటే కొంచెమైనా వస్తానంది. బీరవ్వ దగ్గర మూటా లేదు, ముంతా లేదు.

"నేనున్న కదా. నా ఒంట్ల దాక్కో."

"సరే అవ్వా. నువ్వు కష్టపడితే చేతులకొస్త. ఏడిస్తే కండ్లకొస్త."

బీరవ్వ దోసెడు నీళ్ళు తీసుకుని గటగటా తాగేసింది. దోసెడే కదా అని సముద్రం చూసీచూడనట్టు ఊరుకుంది. ఉప్పు ఆమె ఒంట్లోకి పోయి చోటు చూసుకుని సర్దుకుంది. అలిగిపోయినవాడు ఇంటికొచ్చినట్టే అనిపించి బీరవ్వకు ఏడుపు ఆగలేదు. అంతకుముందు కన్నీళ్ళకు రుచి ఉండేది కాదు. మొదటిసారి పెదవులకు ఉప్పగా తగిలింది.

మెడమీది పిల్ల కదిలింది. చిన్న నాలుక చాపి ఆమె చెంప నాకింది. ఇంకాస్త నాకింది. తరువాత దిగుతానని గింజుకోవడం మొదలుపెట్టింది. ఇసుకలో దింపితే తూలింది, పడింది, లేచి నిలబడింది. బీరవ్వ అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వింది.

ఇంటికొచ్చి ఆమె రెక్కలు ముక్కలు చేసుకుంది. చెమట పట్టిన చేతులు చాపితే మేకలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నాకాయి. ఆ చేతులతోనే గోడ అలికింది. గోడ మళ్ళీ తెల్లగా పొక్కింది. ఈసారి బీరవ్వ చీపురు ముట్టుకోలేదు. మేకలను పిలిచింది.

రానురాను సముద్రం మనసు కూడా మెత్తబడింది. ఎండాకాలంలో కాస్త ఉప్పును ఒడ్డుకు వదులుతుంది. మేకలవాళ్ళు దాన్ని గుడ్డలో మూటగట్టి దొడ్డి గుంజకు వేలాడదీస్తారు.

అప్పటినుంచే మన చెమటా కన్నీళ్ళూ ఉప్పగా ఉంటున్నాయి. అప్పటినుంచే మేక పొక్కిన గోడ కనిపిస్తే ఆగిపోతుంది, ఎవరి చెయ్యి దొరికినా నాకుతుంది. ఆ గరుకు నాలుక తగిలితే గబుక్కున చెయ్యి లాక్కోకండర్రా. అది పాత దోస్తును పలకరిస్తోంది.