కింది అంతస్తు ఆకాశం

ఆ ఏడు అవియెల్‌కు బాల్కనీ చాలలేదు.

యెరూషలేములో పందిళ్ల పండుగ. వారం రోజులు యూదులు ఆకుల కప్పు వేసిన పందిట్లోనే భోంచేస్తారు. కప్పు సందుల్లోంచి ఆకాశం కనిపించాలి. దానిమీద మరో కట్టడం ఉండకూడదు. అందుకే అక్కడి మేడల్లో బాల్కనీలను ఒకదాని నెత్తిన ఒకటి రాకుండా మెట్లు మెట్లుగా కడతారు.

అవియెల్ పగలు ఇంజనీరు, సాయంత్రాలు రబ్బీ ఎల్యాకీము దగ్గర శిష్యుడు. తన పందిట్లో భోజనానికి గురువు తొలిసారి ఒప్పుకునేసరికి అవియెల్ కాళ్లు నేలమీద నిలవలేదు. చుట్టాలను, తోటి శిష్యులను, ఆఫీసువాళ్లను పిలిచేశాడు. పిలిచాక చూస్తే చోటు లేదు.

"పిలిచేముందు కొలవాల్సింది, ఇంజనీరు గారూ," అంది భార్య తిర్సా.

పండుగ మొదలయ్యే రోజు పొద్దున్నే ఇనుప గొట్టాలు బిగించి, పిట్టగోడ దాటి పలకలు పరిచాడు. పైన ఖర్జూరపు మట్టలు కప్పాడు. వచ్చినవాళ్లంతా "పెళ్లిపందిరే వేశావయ్యా" అంటుంటే అతని ముఖం వెలిగిపోయింది.

పొద్దు వాలుతోంది. సూర్యుడు అస్తమించి పండుగ మొదలైందంటే ఇక మేకు కొట్టకూడదు, పీకకూడదు. గురువు టాక్సీ దిగడం చూసి అందరూ లేచారు. మెట్లమీద అడుగుల చప్పుడు వినిపించింది. కింది అంతస్తులో ఆగిపోయింది.

అవియెల్ ఒక్క పరుగున దిగాడు.

కింద షబ్తాయ్ ఉంటాడు. రిటైరైన బస్సు డ్రైవరు, ఒంటరివాడు. ఆయన చిన్న పందిట్లో, చిన్న బల్ల ముందు గురువు కూర్చుని ఉన్నారు.

"రబ్బీ, పైన అందరూ మీకోసమే కాచుకుని ఉన్నారు."

గురువు తన కుర్చీ పక్కకు జరిపి, స్టూలు చూపించారు. "కాసేపు కూర్చో." తర్వాత తల పైకెత్తి చూస్తూ ఉండిపోయారు.

అవియెల్ కూడా పైకి చూశాడు. ఆకుల సందుల్లో తన పలకలు కనిపించాయి. తను బిగించిన నట్లు కూడా.

పక్కనే నిలబడ్డ షబ్తాయ్ వైపు తిరిగాడు. "షబ్తాయ్ గారూ, పొద్దున్నుంచీ సుత్తి చప్పుడు వింటూనే ఉన్నారు కదా. ఒక్క కేక వెయ్యలేకపోయారా?"

"పాడుకుంటూ కొడుతున్నావు, అబ్బాయ్. ఎలా ఆపమంటావు?"

అవియెల్ మెట్లు రెండేసి ఎక్కాడు. "తిర్సా, స్పానర్ ఏదీ?"

చుట్టాలు పండుగ బట్టల్లోనే మట్టలు లాగారు. ఆఫీసువాళ్లు పలకలు మోశారు. "పొద్దున బిగించడం చూశాం, సాయంత్రం ఊడదీయడం చూస్తున్నాం," అని ఎవరో నవ్వారు. ఎదురు మేడ వెనక్కి సూర్యుడు జారుతున్నాడు. చివరి పలక ఇంట్లోకి చేరేసరికి పండుగ మొదలైందని సైరన్ మోగింది.

పైన సగంమందికే చోటు మిగిలింది. మిగతావాళ్లు గిన్నెలు పట్టుకుని కిందికి దిగారు. చొక్కా తడిసిపోయి, జుట్టులో ఆకు ముక్కలతో అందరికంటే వెనక అవియెల్ వచ్చాడు. పైకి చూశాడు.

"మబ్బు పట్టింది, రబ్బీ. వానొచ్చేలా ఉంది."

"రానీ," అన్నారు గురువు, రొట్టె అందుకుంటూ. "ఇప్పుడు ఈ పందిట్లోనూ కురుస్తుంది."