నరసాయమ్మ ఏడ్చే ఇల్లు

అనగనగా సముద్రం సగం మింగేసిన ఒక ఊళ్ళో అప్పలకొండ అనే పడవవాడు ఉండేవాడు. వాడికో తల్లి, గవరమ్మ. వాడికో పెళ్ళాం, తవిటమ్మ. ఒక ఏడు పోటొచ్చి వాళ్ళ గుడిసె పోయింది. గుడిసెతో గిన్నెలు పోయాయి, గిన్నెలతో గింజలు పోయాయి. సింహాద్రప్పన్న దయవల్ల మనుషులు మిగిలారు. మిగిలి, సత్రంలో తలదాచుకున్నారు. గవరమ్మకి మాత్రం దిగులు పట్టుకుంది. సొంత కప్పు కింద కన్ను మూయాలి, సత్రం అరుగు మీద కాదు అని పొద్దస్తమానం అదే మాట.

ఊ కొడుతున్నారా? పైడీ, దుప్పట్లో మూతి పెట్టి ఊ కొడితే నాకు వినపడదు తల్లీ.

తల్లి మాట కోసం అప్పలకొండ పడవ అమ్మేశాడు. పక్కూళ్ళో పాత్రుడనే ఆసామి దగ్గర ఒక పెంకుటిల్లు బేరం కుదిరింది. అంతకుముందు ముగ్గురు ఆ ఇంట్లో చేరారట, ముగ్గురూ నెల తిరక్కుండా సామాను సర్దుకుని పోయారట. ఎందుకు పోయారని వీళ్ళు అడగలేదు. చవగ్గా దొరికిందని సంబరం.

మర్నాటి నుంచి ఆషాఢం. శూన్యమాసంలో గృహప్రవేశం చెయ్యరు కదా. పాత్రుడేమో, ఇవాళే పాలు పొంగించేసుకోండి, కాగితం నెల పోయాక తీరిగ్గా రాయించుకుందాం, డబ్బూ అప్పుడే ఇద్దురుగాని అన్నాడు. గవరమ్మ సరేనంది. తవిటమ్మ ఒక్కతే గుమ్మం బయట నిలబడి అడిగింది.

ఇల్లమ్మే బాబూ, ఈ ఇల్లు నీకెలా వచ్చింది? మా అయ్య ఇచ్చాడు. అయ్యకెలా వచ్చింది? తాత కట్టాడు. తాత కట్టిన కాగితమేది? చెద తినేసింది. అయ్య ఇచ్చిన కాగితమేది? వానకి నానిపోయింది. తూర్పు హద్దేది? అదిగో, గోడ. గోడ ఎవరిది? నాకేం తెలుసు. నీతో పుట్టినవాళ్ళెవరు?

ఆ మాటకి మాత్రం పాత్రుడు మొహం తిప్పేసుకున్నాడు. మీ కోడలికి నాలుక పొడుగమ్మా అని గవరమ్మతో అన్నాడు. ముహూర్తం దాటిపోతోందని గవరమ్మ కోడల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

పాలు పొంగాయి. పొంగిన పాలు చల్లారకముందే, పట్టపగలే, వెనక గదిలోంచి ఏడుపు. పిల్లి కాదు, పిట్ట కాదు, ఆడమనిషి గొంతు. గవరమ్మ కళ్ళు తేలేసింది. అప్పలకొండ వీధిలోకి పరుగు. తవిటమ్మ మాత్రం అప్పన్నకి దణ్ణం పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. మూలన ఒక ముసలామె, నీడంత పల్చగా.

ఓలమ్మా, ఎందుకేడుస్తున్నావంటే చెప్పుకొచ్చింది. తన పేరు నరసాయమ్మట. పాత్రుడికి అప్పట, తోడబుట్టిన అక్క. పెళ్ళిలో పసుపుకుంకుమల కింద ఈ ఇల్లు తండ్రి తన పేర రాశాడట. తండ్రి పోయాక తమ్ముడు కాగితం దాచేశాడు. అడగడానికొస్తే గుమ్మంలోకి రానివ్వలేదు. వాన కురుస్తుంటే ఇదే అరుగు మీద కూర్చుని కూర్చుని వెళ్ళిపోయింది. వెళ్ళి మంచమెక్కింది, మళ్ళీ లేవలేదు. ఉన్న ఒక్క కూతురూ ఎటు పోయిందో తెలీదట. ఎవరూ నా పేరెత్తరమ్మా, నేను పుట్టనే లేదన్నట్టు అమ్ముతున్నాడు అని ఏడ్చింది.

భయపడకండర్రా. ఆవిడ ఎవర్నీ ఏమీ చెయ్యలేదు, ఏడ్చిందంతే.

తవిటమ్మ తిన్నగా రాజుగారి కచేరీకి పోయింది. అక్కడో ముసలి కరణం, ఆయన ముందు పెద్ద పుస్తకం. ముప్ఫై ఏళ్ళ వెనక్కి తిప్పమంది. ఆయన విసుక్కున్నాడు, దుమ్ముకి తుమ్మాడు, తిప్పాడు. ఉంది. నరసాయమ్మ పేర ఇల్లు, నాలుగు హద్దులు, తండ్రి వేలిముద్ర.

మరి పాత్రుడు మాకు రాసిచ్చి ఈ పుస్తకంలోకి ఎక్కిస్తే ఇల్లు మాదవదా బాబూ అనడిగింది.

"ఎక్కిస్తే ఎక్కుతుందమ్మా. హక్కు లేనివాడు రాసిస్తే నీకొచ్చేది కూడా లేనిదే" అన్నాడు కరణం.

తవిటమ్మ వచ్చి, మూటలు కట్టు, మళ్ళీ సత్రానికే పోదాం అంది మొగుడితో. వాడికి ఒళ్ళు మండిపోయింది.

"పాలు పొంగిన ఇల్లు వదిలేస్తావా? రేపు అమ్మకి ఏటైనా అయితే నీ కాగితం కప్పుతావేటే?"

"నీళ్ళు ఒకసారి గెంటాయి మీ అమ్మని. మనుషులు ఇంకోసారి గెంటితే లేస్తుందా, చెప్పు?"

వాడు మూటలు కట్టాడు. వానలో ముగ్గురూ సత్రానికి పోయారు. గవరమ్మకి జ్వరం తగిలింది. కోడలితో మాట మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. తవిటమ్మ రాత్రి గంజి కాచి అత్త నోట్లో పోసేది, పగలు ఊరూరా తిరిగేది. నరసాయమ్మ కూతురెవరమ్మా, ఎక్కడుందమ్మా అని. తల్లి పోయాక ఇల్లు కూతురిదే కదా. ఆషాఢమంతా తిరిగింది.

నిద్రపోయారా? లేదా? సరే.

చివరికి ఉప్పుకొటార్ల దగ్గర ఉప్పు పోగులేస్తూ దొరికింది, సన్నెమ్మ. ఒక్కతే కూతురు, తండ్రి కూడా లేడు. మా అమ్మని అరుగు మీంచి పంపేసిన ఇల్లు నాకొద్దు, మీరే కొనుక్కోండి అంది. పాత్రుడు చిందులు తొక్కాడు, ఆడపిల్లకి ఇల్లేమిటన్నాడు. కరణం పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. పాత్రుడు తలొంచుకుని తాళంచెవి అక్కడ పెట్టి పోయాడు.

శ్రావణంలో పడవ అమ్మిన డబ్బు సన్నెమ్మ చేతిలో పెట్టి కాగితం రాశారు, సన్నెమ్మ వేలిముద్ర వేసింది. తవిటమ్మ కరణాన్ని బతిమాలి ఇంటికి తీసుకొచ్చింది. వెనక గది గుమ్మంలో నిలబెట్టి, గట్టిగా చదవండి బాబూ అంది.

ఆయన చదివాడు. ఫలానా వారి కుమార్తె నరసాయమ్మకు తండ్రి పసుపుకుంకుమల కింద ఇచ్చినదీ, నరసాయమ్మ తరువాత ఆమె కూతురు సన్నెమ్మకు వచ్చినదీ, సన్నెమ్మ గవరమ్మకు అమ్మినదీ ఐన ఈ ఇల్లు...

రెండుసార్లు తన పేరు విన్నాక ఏడుపు ఆగింది. మళ్ళీ ఎవరికీ వినపడలేదు. పుణ్యలోకాలకి పోయింది, మహాతల్లి.

గవరమ్మని మంచంతో మోసుకొచ్చి నడిమింట్లో దింపారు. పైకప్పు పెంకులు చూసింది, కాగితం గుండెల మీద పెట్టుకుంది, కోడల్ని పిలిచి చెయ్యి పట్టుకుంది. దీపావళి దాకా ఉంది. తర్వాత పోయింది. ఏడవకు పైడీ, తన ఇంట్లో పోయింది, ఎవరూ లేవమనలేదు. మిగిలినవాళ్ళు ఆ ఇంట్లోనే చల్లగా బతికారు.

మీరూ పెద్దయ్యాక ఇల్లు కొంటారు. గోడలు చూసి మురిసిపోకండి. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎవరి పేరు దాచారు అని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

కథ కంచి దారి పట్టింది. మీరు కళ్ళు మూసుకోండి, నేను దీపం తగ్గిస్తాను.