పుండరీకం పెట్టెలో హోరు

ఏ ప్రశ్న అడిగినా పేర్రాజుగారు వెంటనే జవాబు చెప్పరు. నిడదవోలులో నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన మనిషి ఆయన. మూత విప్పకుండా రోగం చెప్పడం ఆయన వంటికి పడదు. ఆయన దుకాణం ఎత్తేశాక, ప్రతి ఆదివారం పొద్దున్నే మేం ఐదారుగురం ఆయన అరుగు మీద చేరి కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళం. తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు అడిగేవాళ్ళం.

ఒక ఆదివారం పుండరీకం అడిగాడు. "గురువుగారూ, కళ్ళు మూసుకుంటే చాలండి, పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ, ఇంటి సంగతులూ ఒకటే హోరు. అది పోతేగానీ లోపలి మాట వినపడదు గదండీ. ఎలా పోద్దండి?"

పేర్రాజుగారు చెప్పులు తొడుక్కున్నారు. "నువ్వేదో యాంప్లిఫయర్ కట్టావటగా. పద, చూద్దాం."

ఆ యాంప్లిఫయర్ సంగతి మా అందరికీ తెలుసు. పుండరీకం కాలేజీ లాబ్‌లో అటెండరు. వాళ్ళ నాన్న తత్వాలు బాగా పాడేవాడట. కువైట్ నుంచి వచ్చిన మేనమామ ఒక మధ్యాహ్నం ఇంట్లోనే ఆయన పాట క్యాసెట్‌లో పట్టాడు. ఆ మరుసటేడు తల్లి పోయింది, అప్పటికి పుండరీకానికి ఆరేళ్ళు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడే మనిషి కాబట్టి ఆవిడ బొమ్మ ఒక్కటీ లేదు. ముఖం గుర్తు లేదంటాడు. తండ్రి కూడా పోయాక మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టే. టేపు నలిగిపోయింది, ఇంకెన్నిసార్లు తిరుగుతుందో తెలియదు. తెగిపోయేలోగా ఒక్కసారైనా నాన్న గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు నిండుగా వినాలని అతని కోరిక. అందుకే పోస్టులో కిట్టు తెప్పించి, విడి భాగాలన్నీ తన చేత్తోనే అతికించి, జానెడున్నర స్పీకరు తగిలించాడు.

పాట మొదలవగానే గొంతు కింద గుర్రుమని హోరు. వెంటనే ఆపేసి పెట్టె విప్పేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు, తీగెలు మార్చాడు, పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పూ బొగ్గూ పోసి కొత్తగా ఎర్త్ పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కిట్టు అమ్మినవాణ్ణీ, కరెంటువాళ్ళనీ తిట్టిపోశాడు. ఇలా మూడు నెలలు. మేమూ నవ్వినవాళ్ళమే, దాచుకోవడమెందుకు.

పేర్రాజుగారు పెట్టె విప్పలేదు. టేప్ రికార్డర్ నుంచి యాంప్లిఫయర్‌కి వచ్చే తీగె పీకి, వాల్యూమ్ చివరిదాకా తిప్పారు. హోరు లేదు.

"నీ పెట్టెలో తప్పేం లేదురా. హోరు టేపులోనే ఉంది."

"ఇన్నేళ్ళూ వింటున్నానండీ, ఎప్పుడూ లేదండి!"

"ఆ టేప్ రికార్డర్ స్పీకరు అరచెయ్యంత. దానికి అంత లోతు శబ్దం పలకదు. దీనికి పలుకుతోంది."

పుండరీకం ముఖం వెలిగింది. గబగబా సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టి, డబ్బాలోంచి ఒక చిన్న కెపాసిటర్ తీశాడు. "ఇది దారిలో వేసేస్తే కింది హోరంతా ఆగిపోద్దండి. నాన్న గొంతొక్కటే మిగులుద్ది."

"వేద్దువుగానిలే. ముందు ఒకసారి చివరిదాకా తిరగనియ్యి."

మూడు నెలల్లో అతను చెయ్యని పని అదొక్కటే. తీగె తగిలించి పాట పెట్టాడు. తండ్రి పాడుతున్నాడు, కింద హోరు నడుస్తోంది. రెండో చరణంలో పేర్రాజుగారు వేలెత్తారు. హోరు నెమ్మదించి, ఆగి, మళ్ళీ అందుకుంది. కాసేపటికి మళ్ళీ అలాగే.

"కరెంటు హోరు మధ్యలో ఆగదు, పుండరీకం. దానికి చెయ్యి నొప్పెట్టదు. ఇది ఆగి, గుప్పెడు గింజలు పోసుకుని, చెయ్యి మార్చుకుంటోంది. మీ నాన్న పాడుతుంటే పక్కన తిరగలి విసిరిందెవరు?"

పుండరీకం స్పీకరు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పాట అయిపోయింది. తండ్రి గొంతు ఆగాక తిరగలి ఒక్కటే ఇంకో నాలుగైదు చుట్లు తిరిగి, టక్కున ఆగిపోయింది. అతను టేపు వెనక్కి తిప్పి, ఆ చివరి చుట్ల దగ్గర వాల్యూమ్ పెంచాడు. మళ్ళీ తిప్పాడు. కిటికీ అద్దాలు అదిరాయి, పక్కింటివాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మా" అన్నాడొకసారి, మెల్లగా, ఎవరో పిలిస్తే పలికినట్టు. మాకు ఏడుపొచ్చింది. సోల్డరింగ్ ఐరన్ స్విచ్చి నేనే ఆపాను. కెపాసిటర్ అతని పిడికిట్లోనే ఉండిపోయింది.

తిరిగి వస్తుంటే దారిలో గుర్తుచేశాను. "లోపలి హోరు ఎలా పోద్దని పొద్దున అతను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదండీ."

పేర్రాజుగారు నడక ఆపలేదు.

"మళ్ళీ అడిగితే చెబుతాను."