కర్రోడి పైపళ్ళు

మధ్యాహ్నం అన్నాలైపోయాక ఓబులమ్మ దొడ్డిలో మూడే చప్పుళ్ళు. అరుగు మీద ఆమె గురక ఒకటి. వేపచెట్టు కింద, బోర్లించిన గంపలో ఉన్న ఏడు కోడిపిల్లల కిచకిచ ఇంకొకటి. ఆ గంపకి వీపు ఆనించి నెమరేసే నల్లెద్దు మెడలో గంట మూడోది. దవడ కదిలినప్పుడల్లా టింగు. ఆ టింగుటింగులే ఓబులమ్మకి జోల. కాసేపు ఆగాయంటే మాత్రం, ఎద్దు పొరుగు చేలో పడిందేమోనని లేచి కూర్చుంటుంది.

ఎద్దు పేరు కర్రోడు. తొందర అనేది వాడి ఒంట్లోనే లేదు. ఎవరేం చెప్పినా ముందు మింగి, తీరిగ్గా మళ్ళీ పైకి తెచ్చుకుని, నమిలి, అప్పుడు గానీ బదులివ్వడు.

గట్టు అవతల పొదలో ఉండే నక్క తోకరాయుడు సరిగ్గా దీనికి ఎదురు. దొరికింది గుటుక్కున మింగేసి, ఏం తిన్నానబ్బా అని తర్వాత ఆలోచించే రకం. నెల రోజులుగా వాడి కన్ను ఆ గంప మీదే. గంప తిరగేయడం ఎంతసేపు? కానీ అడ్డంగా ఆ నల్లకొండ పడుకుని ఉందే!

ఒకరోజు తోకరాయుడు పక్క దొడ్డి గాడిదని వెంటేసుకుని వచ్చాడు.

"బావా, ఒకసారి నోరు తెరువు."

"ఎందుకు?"

"తెరువు బావా, నీ మంచికే."

కర్రోడు తెరిచాడు. నక్క లోపలికి తొంగిచూసి, ముందరి కాళ్ళు రెండూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో! పైన ముందుపళ్ళు ఒక్కటీ లేవు! ఎప్పుడు రాలిపోయాయి బావా?"

కర్రోడు నాలుకతో తడుముకున్నాడు. కింద వరసగా ఉన్నాయి. పైన ఉత్త చిగుళ్ళే.

"మొన్నటిదాకా ఉండేవా?" అన్నాడు భయంగా.

"ఉండకపోతే? ఏమే గాడిదా, ఒకసారి నవ్వు."

నవ్వమంటే గాడిద చెవి కోసుకుంటుంది. పై పెదవి ముక్కు దాకా ఎత్తి, పలకల్లాంటి పైపళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. "నావి చిన్నప్పటి నుంచీ ఇంత అందంగానే ఉన్నాయన్నా," అంది.

"చూశావా? గాడిదకి కూడా ఉన్నాయి. రేపే సంత. ఓబులమ్మకి ఈ సంగతి తెలిసిందో, ముసలోడివైపోయావని నిన్ను తోలేస్తుంది."

కర్రోడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ నీడ, ఈ తొట్టి, పొద్దున్నే ఓబులమ్మ పెట్టే గుప్పెడు ఉలవలు... వాడి చోట నేనైతే అక్కడే భోరుమనేదాన్ని.

"మందు లేదా రాయుడూ?"

"ఎందుకు లేదు? వంకలో బురద ఉంది కదా. సాయంత్రం దాకా మూతి అందులో పెట్టి పడుకో. విత్తనాలు మొలిచినట్టు మొలుస్తాయి పళ్ళు."

గంప మీద కూర్చున్న తల్లికోడి పుల్లమ్మ ఎగిరిపడింది. "వెళ్ళకు మామా! నువ్విటు లేస్తే నా పిల్లలు అటు వీడి పొట్టలో ఉంటారు! పళ్ళదేముంది? నాకు పైనా లేవు, కిందా లేవు. ఏడుగుర్ని పొదగలేదూ!"

"పళ్ళ సంగతులు ముక్కులున్న వాళ్ళకెందుకమ్మా?" అన్నాడు నక్క.

"సరే, వెళ్తా. ఈ ముద్ద నమిలి," అన్నాడు కర్రోడు.

టింగు. టింగు. టింగు.

"అయిందా బావా?"

"ఊహూ."

"ఇప్పుడో?"

"ఇది వేరే ముద్ద."

నక్క మీసాలు చొంగతో తడిసిపోయాయి.

మేతతో పాటు నక్క మాటలు కూడా పైకొచ్చాయి కర్రోడికి. నమిలాడు. తనని సంతలో కొన్నరోజు బేరగాడు వయసు కట్టడానికి పళ్ళు చూశాడు కదా! కింది పెదవి దించి, "నాలుగు పళ్ళు" అన్నాడు. పై పెదవి ఎత్తనే లేదు. పక్కనున్న ఎడ్లన్నిటికీ అంతే. పైన ఉంటే కదా చూడ్డానికి! ఇంకో ముద్ద. ఓబులమ్మకైతే అసలు పళ్ళే లేవు, ఆకూ వక్కా చిన్న రోట్లో దంచుకుని బుగ్గన పెట్టుకుంటుంది. ఆమెనెవరూ సంతకి తోలలేదే?

మూడో ముద్దలో కర్రోడికి నవ్వు తగిలింది.

"రాయుడూ, వెళ్తా గానీ ఒక చిక్కుంది. నా గంట మోత ఆగితే ఓబులమ్మ లేస్తుంది. నేనొచ్చేదాకా దీన్ని నువ్వు మెడలో వేసుకుని నమలాలి."

నక్క లోలోపల గంతులేశాడు. కోడిపిల్లల్ని నమిలినా మోగుతుంది కదా! "బావ కోసం ఆ మాత్రం చెయ్యనా?"

"పుల్లమ్మా, నా గంట ముడి విప్పి వాడికి కట్టు. రెండు చుట్లు తిప్పి బిగించు."

"మతిపోయిందా మామా?" అనబోయిన పుల్లమ్మ, కర్రోడు కన్ను కొట్టడం చూసింది. ముక్కుతో ముడి వేసింది. దాని మీద ఇంకోటి వేసింది. మూడోది మాత్రం ముచ్చటపడి వేసింది.

అరుగు మీద గురక తడబడింది.

"తొందరగా రాయుడూ, ఆమె కదులుతోంది! ఆ ఎండుమేత నోటినిండా కుక్కుకో. తిరగలి తిప్పినట్టు అడ్డంగా నమలాలి," అంటూ కర్రోడు లేచి నాలుగడుగులు పక్కకి జరిగాడు.

నక్క దవడ పైకీ కిందికీ తప్ప పక్కకి తిరగదు. కొరికితే పుల్లలు అంగిట్లో గుచ్చుకున్నాయి. మింగబోతే గొంతులో అడ్డం పడ్డాయి. ఉమ్మబోతే, వాడు అంత గొప్పగా చెప్పిన పైపళ్ళ సందుల్లోనే ఇరుక్కున్నాయి. టింగు... టిటిటింగు... అంతే. ఆగిపోయింది.

"ఆగింది రాయుడూ," అన్నాడు కర్రోడు నింపాదిగా.

ఓబులమ్మ లేచి కూర్చుంది. "ఒరే కర్రోడా, ఏందిరా..." గంట ఎద్దు మెడలో లేదు. నక్క మెడలో ఉంది. ఆకు దంచుకునే చిన్న రోకలి గాల్లో లేచి, నక్క తోక మొదట్లో ఠపీమని దిగింది.

"బోసినోరే కదా అనుకోకు, కొరికేస్తా నిన్ను, దొంగ సచ్చినోడా!"

తోకరాయుడు మూడు ముళ్ళ గంటతో సహా గట్టు దాటాడు.

ఇప్పుడు వాడు ఎటు అడుగేసినా టింగు. కోళ్ళు ముందే చెట్లెక్కుతాయి. కుందేళ్ళు తింటున్నది తీరిగ్గా తినేసి మరీ బొరియల్లో దూరతాయి. పాపం, రేగుపళ్ళూ మిడతలూ తిని బతుకుతున్నాడు, అదీ గంట కదలకుండా మెల్లమెల్లగా నములుకుంటూ. ఓబులమ్మ కర్రోడికి ఇంకా పెద్ద గంట కట్టింది. గాడిద మాత్రం రోజూ వచ్చి, ఎవరూ అడక్కపోయినా ఒకసారి నవ్వి పోతోంది.

మింగే తొందరలో ఉన్నవాడికి, నమిలేవాడెప్పుడూ పిచ్చోడిలాగే కనిపిస్తాడు.