జుంటిగాడి వెల్లకిలా విద్య

నల్లరాతి కొండ కింద ఒక వాగు. వాగుకు ఇవతలి ఒడ్డున జంతువుల పిల్లలకు ఒక బడి. బడి వెనక ఎర్రమట్టి తవ్వి మెత్తగా చేసిన గోదా. ఆ గోదాలో కుస్తీ నేర్పే అయ్యవారు బసప్ప, ముసలి ఎద్దు. ఆయనకు కోపం రాదు, తొందర అసలే లేదు. కొత్తగా చేరినవాడు "పట్టు ఎప్పుడు చెప్తారు అయ్యవారూ" అని అడిగితే "ముందు నిలబడు" అంటాడు. నిలబడితే "ఇంకొంచెంసేపు నిలబడు" అంటాడు.

ఈ నిలబడే చదువు జుంటిగాడికి మొహం మొత్తింది.

జుంటిగాడు ఎలుగుబంటి కుర్రాడు. గొంతు మారుతోంది, ఒళ్లు ఇష్టమొచ్చినట్టు పెరుగుతోంది, ఏ కాలు ఎక్కడ పెడుతున్నాడో వాడికే తెలియడం లేదు. ఆ వయసులో అందరికీ వచ్చే జబ్బే వాడికీ వచ్చింది. తనకు తెలిసిన విద్య పాతది, తెలియనిది గొప్పది అని గట్టి నమ్మకం.

అయితే ఆ ఏడు వాడి మీద పెద్ద బరువే ఉంది. వాగు ఒడ్డున ఒక ఇప్పతోపు ఉంది. ఇప్పపూలు రాలడం మొదలవగానే రెండు ఒడ్లవాళ్లూ చెరొక కుస్తీవాణ్ణి దింపుతారు. గెలిచిన ఒడ్డువాళ్లు ఆ సీజనంతా తోపులో ముందు ఏరుకుంటారు. ఓడినవాళ్లు వచ్చి, అడిగి, మిగిలింది తీసుకోవాలి. ఇవతలి ఒడ్డున జుంటిగాణ్ణి మించిన బలమున్న పిల్లవాడు లేడు. వాడు ఓడితే కుందేళ్లు, దుప్పులు, ఉడతలు అన్నీ అవతలి ఒడ్డు గడపకు పోయి చేతులు నలుపుకోవాలి. ఆ గడపలో కూర్చునేది నక్క ఓబులేసు. వాడి కన్ను ఇప్పపూల మీద కన్నా పూలు అడగడానికి వచ్చే కుందేళ్ల మీదే ఎక్కువ.

ఒకరోజు జుంటిగాడు బడి నుంచి కాళ్లు ఈడ్చుకుంటూ వస్తుంటే ఓబులేసు వాగులోని బండ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం అల్లుడూ, అట్ల నీరసంగా ఉన్నావు?"

"పొద్దుటి నుంచి నిలబడినా మామా."

"ఇంతవరకూ మీ అయ్యవారు ఏం నేర్పినాడు?"

"నిలబడడం."

"అది మీ అమ్మ నేర్పలేదా?"

జుంటిగాడు సిగ్గుపడ్డాడు. నక్క బండ దిగి పక్కకు వచ్చింది.

"నేను బడిని తప్పుపట్టడం లేదప్పా. బసప్ప పెద్దమనిషి. కానీ లోకంలో ఒక్క బడికుస్తీయేనా ఉండేది? కొండముచ్చుల విద్య ఉంది, ఎదుటివాడు లాగితే ఆ లాగుడుతోనే వాణ్ణి ఎత్తేస్తారు. ఎండ్రకాయల విద్య ఉంది, ఒక్క వేలు దొరికితే చాలు, మనిషంత మనిషి మోకాళ్ల మీదికి వస్తాడు. అన్నిటినీ తలదన్నేది కొండచిలువల విద్య. వెల్లకిలా పడుకున్నచోటి నుంచే ఎదుటివాడి పని ముగిస్తారు. నేను పెంచలయ్య దగ్గర ఉండి నేర్చుకున్నా."

పెంచలయ్య అంటే కొండమీద ఉండే ముసలి కొండచిలువ. ఆ పేరు వినగానే జుంటిగాడి చెవులు లేచాయి.

"పడుకుని గెలవచ్చా మామా?"

"నిలబడి గెలిచేది ఎవడైనా గెలుస్తాడు."

"మరి నువ్వు అవతలి ఒడ్డువాడివి కదా?"

"విద్యకు వాగు అడ్డమా అల్లుడూ? బడి మానొద్దు. సాయంత్రాలు నా దగ్గరికి రా. మా ఎర్రప్ప కూడా అక్కడే నేర్చుకుంటున్నాడు. పోటీలో నీకు ఎదురు దిగేది వాడే. వాడి ఒడుపు ముందే చూసుకున్నట్టు ఉంటుంది."

ఇంత మేలు చేసే మామ దొరకడం తన అదృష్టమే అనుకున్నాడు జుంటిగాడు. ఎందుకు చేస్తున్నాడని అడగాలని తోచలేదు.

అవతలి ఒడ్డున పాడుబడిన రాతిగుంటలో ఓబులేసు బడి. అడవిపంది కుర్రాడు ఎర్రప్ప అప్పటికే అక్కడ ఉన్నాడు. మంచివాడే, బుర్ర మాత్రం కొంచెం మందం. పాఠం చాలా సులువు. ఇద్దరూ భుజాలు పట్టుకుని నిలబడాలి. నక్క చప్పట్లు కొట్టగానే చటుక్కున వెల్లకిలా పడి కాళ్లు పైకెత్తాలి. సరిగ్గా పడితే జుంటిగాడి నోట్లో తేనెపట్టు ముక్క, ఎర్రప్ప నోట్లో చేమగడ్డ.

"పడినాక ఏం చెయ్యాల మామా?" అని అడిగాడు జుంటిగాడు తేనె చప్పరిస్తూ.

"అది పైతరగతి పాఠం. ముందు పడడం ఒంటికి పట్టాల."

ఒంటికి పట్టింది. ఎంత బాగా పట్టిందంటే, కొన్నాళ్లకు చప్పట్లు చెవిన పడీపడకముందే వీపు నేలను వెతుక్కునేది, నోరు తేనె కోసం తెరుచుకునేది.

ఇప్పమొగ్గలు విచ్చే రోజుల్లో బడిలో ఒక సంగతి జరిగింది. కుందేలు పిల్ల చెంగమ్మ పంతొమ్మిదో ఎక్కం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. బసప్ప "శభాష్" అన్నాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో ధబ్బుమని శబ్దం.

అందరూ తిరిగి చూశారు. జుంటిగాడు వెల్లకిలా పడి ఉన్నాడు. నాలుగు కాళ్లూ ఆకాశానికి, నోరు బార్లా తెరిచి ఉంది. వాడి వీపు కింద ఉడతపిల్ల పలక పిండి అయింది.

"వాడికి ఎక్కం వింటే కళ్లు తిరుగుతాయి" అంది ఉడత ఏడుపు మొహంతో. బడంతా నవ్వింది. నవ్వుతూ మళ్లీ ఎవడో చప్పట్లు కొట్టాడు. లేవబోతున్న జుంటిగాడు మళ్లీ పడ్డాడు.

బసప్ప నవ్వలేదు. పిల్లలను ఇళ్లకు పంపి, జుంటిగాడి ఎదురుగా కూర్చుని నెమరు వేయసాగాడు. ఆయన నెమరు ముందు అబద్ధం చెప్పి గెలిచినవాడు ఆ బడిలో లేడు. కాసేపటికి జుంటిగాడు మొత్తం కక్కేశాడు. రాతిగుంట, తేనె, ఎర్రప్ప, చప్పట్లు.

"మన గోదాలో చిత్తు అంటే ఏందిరా?" అని అడిగాడు బసప్ప.

"రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తు."

"నువ్వు నేర్చుకున్నది ఏంది?"

"రెండు భుజాలూ నేలకు..." అంటూ మధ్యలో ఆగిపోయాడు జుంటిగాడు. మూతి మీది బొచ్చంతా నిక్కబొడుచుకుంది. పోటీ నాడు గోదా మధ్యలో తను నిలబడి ఉండడం, జనంలోంచి ఓబులేసు చప్పట్లు కొట్టడం వాడి కళ్లముందు కనబడ్డాయి. దాని తర్వాత వాగు దాటి చేతులు నలుపుకుంటూ పోతున్న చెంగమ్మ కూడా కనబడింది.

"తిట్టండి అయ్యవారూ."

"తిడితే పడడం మానేస్తావా?"

"మానలేను. నా మాట నా వీపు వినడం లేదు."

"అయితే తిట్టి లాభం లేదు. పా, పెంచలయ్యను చూసొద్దాం."

"ఆయన విద్య వేరు కదా. మన బడికుస్తీ వదిలి అది ఎంచుకున్నానని మీకు కోపం లేదా?"

"ఎంచుకునేది తర్వాత చూస్తాంలే. నువ్వు ఇంకా ఆయన గడపే తొక్కలేదు కదా."

కొండమీద పెద్ద బండపై పెంచలయ్య ఎండ కాగుతున్నాడు. బసప్ప వచ్చిన పని చెప్పేసరికి ఆయన ఒళ్లంతా అలలు అలలుగా కదిలింది. నవ్వుతున్నాడని జుంటిగాడికి ఆలస్యంగా అర్థమైంది.

"ఓబులేసా? ఒక వానాకాలం నా దగ్గర ఉన్నాడు బసప్పా. పడుకునే పాఠం అయ్యేవరకూ బాగా వచ్చినాడు. పడుకున్నాక చేసే పని మొదలుపెడతానంటే వాడికి కడుపునొప్పి వచ్చింది. ఇప్పటిదాకా తగ్గినట్టు లేదు."

తర్వాత జుంటిగాడి వైపు తల తిప్పాడు. "నాయనా, నా విద్యలో వీపు నేలకు ఆనితే పని మొదలైనట్టు. మీ అయ్యవారి విద్యలో ముగిసినట్టు. రెండూ మంచివే. నీకు నేర్పినవాడు నా మొదలు తీసుకొచ్చి మీ ముగింపులో అతికించినాడు."

"ఈ అలవాటు పోగొట్టండి తాతా."

"ఇప్పపూలు రేపోమాపో రాలతాయి. అంత వ్యవధి ఎక్కడిది? పోగొట్టలేను గానీ పక్కకు తిప్పుతాను. పడు, కానీ పడేటప్పుడు నడుము మెలిపెట్టు. ఒక్క భుజం మీద పడు."

చప్పట్లు కొట్టడానికి పాముకు చేతులు లేవు, ఎద్దుకు గిట్టలు. అందుకని చెంగమ్మను పిలిపించారు. ఆ పిల్ల ఆ పని ఎంతో శ్రద్ధగా చేసింది. అవసరం లేనప్పుడు కూడా చేసింది. జుంటిగాడు పడ్డాడు, తిట్టుకున్నాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. ఎడమ భుజం వాచిపోయేవేళకు నడుము దానంతట అదే మెలి తిరగడం మొదలైంది.

దిగి వచ్చేటప్పుడు బసప్ప మామూలుగా అడిగినట్టు అడిగాడు. "ఓబులేసు చప్పట్లు కొట్టినప్పుడు నీ ఎదురుగా ఎవరుండేది?"

"ఎర్రప్ప."

"వాడేం చేసేది?"

"వాడూ పడేది. నాకన్నా ముందే పడతాడు, చేమగడ్డంటే వాడికి ప్రాణం."

బసప్ప తోక ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగింది. "మంచిది" అన్నాడు, అంతే.

పోటీ రోజు రెండు ఒడ్లూ గోదా చుట్టూ చేరాయి. తీర్పు చెప్పేది ముసలి కొంగ. మెడ ఎంత కిందికైనా వంచి, ఎవరి భుజం నేలకు ఆనిందో కళ్లారా చూసి చెప్పగలదని ఆ పని దానికి ఇచ్చారు. ఓబులేసు ముందు వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

ఎర్రప్ప బుస్సుమంటూ వచ్చి గుద్దాడు. జుంటిగాడు కదల్లేదు. మళ్లీ వచ్చాడు. కాళ్లు మట్టిలో దిగబడ్డాయి గానీ జుంటిగాడు కదల్లేదు. బసప్ప అన్నాళ్లు ఎందుకు నిలబెట్టాడో వాడికి ఆ రెండో గుద్దులో తెలిసింది. ఎర్రప్ప భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి తోయడం మొదలుపెట్టాడు.

"ఒంట్లో ఏముందిరా నీకు, బండ మింగినావా?" అన్నాడు ఎర్రప్ప రొప్పుతూ.

"నిలబడినా, అంతే" అన్నాడు జుంటిగాడు.

ఎర్రప్ప మడమ గోదా గట్టుకు తగలబోయే సమయానికి ఓబులేసు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

జుంటిగాడి వీపు ఆ పిలుపు విన్నది. కాళ్లు తేలిపోయాయి, నోరు తెరుచుకుంది. నడుము మాత్రం చెంగమ్మ చేతులను గుర్తు తెచ్చుకుని మెలి తిరిగింది. ఎడమ భుజం మట్టిలో దిగింది. కుడి భుజం గాలిలో ఆగింది.

పక్కనే ధబ్బుమని ఇంకో శబ్దం. జుంటిగాడు తల తిప్పి చూశాడు. ఎర్రప్ప రెండు భుజాలూ నేలకు అంటించి, నాలుగు కాళ్లూ పైకెత్తి, నోరు తెరిచి చేమగడ్డ కోసం ఎదురుచూస్తున్నాడు.

కొంగ మెడ వంచి జుంటిగాడి కింద చూసింది. ఎర్రప్ప కింద చూసింది. "ఎర్రప్ప చిత్తు" అంది.

"చెల్లదు" అని అరిచాడు ఓబులేసు. "మధ్యలో ఎవరో చప్పట్లు కొట్టి పిల్లవాణ్ణి బెదరగొట్టినారు."

"ఎవరు కొట్టింది?" అని అడిగాడు బసప్ప నిదానంగా.

ఓబులేసు తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఇంకా కలిసే ఉన్నాయి. గబుక్కున వెనక్కి దాచుకుని ఎర్రప్ప మీద పడ్డాడు.

"ఈరోజు నేను చప్పట్లు కొడితే పడొద్దని పొద్దున్నే చెప్పినా కదరా."

"చెప్పినావు మామా. నాకు గుర్తుంది" అన్నాడు ఎర్రప్ప, పడుకునే. "ఒంటికే గుర్తులేదు. గడ్డ ఇస్తావా, లేయమంటావా?"

ఇవతలి ఒడ్డంతా ఘొల్లున నవ్వి, సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. అప్పుడే లేచి నిలబడిన జుంటిగాడు మళ్లీ పడ్డాడు, ఈసారి రెండు భుజాల మీదా హాయిగా. కొంగ "ఆట అయిపోయింది, ఇది లెక్కలోకి రాదు" అంటూ ఎగిరిపోయింది.

ఆ సాయంత్రం జుంటిగాడు బసప్ప పక్కన చేరి అడిగాడు. "ఇంతకీ నేను ఏది ఎంచుకోవాల అయ్యవారూ? బడికుస్తీనా, తాత విద్యనా?"

"బడి ఉన్నన్నాళ్లు నా గోదాలో నిలబడు. ఎండాకాలం సెలవుల్లో కొండెక్కు. పెంచలయ్యతో మాట్లాడినా. పడుకున్నాక ఏం చెయ్యాలో ఆయన చెప్తాడు."

"ఎర్రప్పను కూడా తీసుకుపోవచ్చా? వాడూ పాపం సగం పాఠమే నేర్చుకున్నాడు."

"తీసుకుపో. ముందు వాణ్ణి కాస్త నిలబడమను."

ఇప్పపూలు ముసురులా రాలాయి. ఇవతలి ఒడ్డువాళ్లు కడుపునిండా ఏరుకున్నాక, ఆచారం ప్రకారం ఓబులేసు తోపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మిగిలిన పూలకు కాపలా ఉన్నది చెంగమ్మ. దాని వెనకే, చెట్టుకు వీపు ఆనించి, జుంటిగాడు.

"అమ్మాయీ, కాసిని పూలు పెట్టు" అన్నాడు ఓబులేసు వినయంగా.

"దానికేం మామా, పెడతాను. పద్ధతిగా తీసుకో" అంది చెంగమ్మ. తర్వాత ముందరి కాళ్లు రెండూ ఎత్తి చప్పట్లు కొట్టింది.

ఓబులేసు జుంటిగాడి గోళ్ల వైపు చూశాడు, పూల వైపు చూశాడు. పళ్లు కొరుక్కుంటూ వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి, నోరు తెరిచాడు.

కాబట్టి పిల్లలూ, ఏ విద్య గొప్పదో తీరిగ్గా తేల్చుకోవచ్చు గానీ, నేర్పేవాడికి మీ ఓటమిలో వాటా ఉందేమో మాత్రం ముందే చూసుకోండి.