సుంకన్న తెచ్చిన చుక్కరాయి

అనగనగా అని మొదలయ్యే కథలకు కాస్త ఇవతల, మన తాతల తాతలకు చాలా అవతల, ఏడు గుట్టల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఒక కొలిమి. ఆ కొలిమిలో తిత్తులు ఊదే మనిషి సుంకన్న.

కొలిమి యజమాని మౌనాచారి. కర్రు ఆచారి చేశాడనేవారు, కొడవలి ఆచారి చేశాడనేవారు. నిప్పును బతికించింది సుంకన్న అని ఎవరూ అనలేదు. అతను కూడా అనుకోలేదు. నలుగురు కూర్చున్నచోట అతను నిలబడేవాడు. నిలబడడం అతనికి అలవాటు. అతను నిలబడి ఉండడం ఊరికి అలవాటు.

ఒకనాటి సందెవేళ ఆకాశాన ఒక చుక్క రాలింది. పశువులు బెదిరేంత వెలుగుతో వచ్చి, బాలెమ్మ కొర్రచేనికి అవతల ఎక్కడో దిగింది. ఊరంతా చూసింది. మర్నాడు బొగ్గులకని అడవికి పోతున్న సుంకన్న కాలికి ఆ చేనిలో ఒక రాయి తగిలింది. నల్లనిది, నున్ననిది, గుమ్మడికాయంతది. ఎత్తితే చేతులు గుంజాయి. గోనెలో చుట్టి చావడికి మోసుకొచ్చాడు.

"నిన్న రాలింది ఇదేనేమో," అన్నాడు.

పెద్దకాపు చిన్నపరెడ్డి లేచి వచ్చి, రాయిని తాకి కళ్లకద్దుకున్నాడు. తర్వాత సుంకన్న వైపు తిరిగి, "కూర్చో సుంకన్నా," అన్నాడు.

నలభై ఏళ్ల బతుకులో అతనితో ఆ మాట అన్నవాళ్లు లేరు. సుంకన్న కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో ఏముందో పుట్టినప్పటినుంచీ కూర్చున్నవాళ్లకు తెలియదు.

రాయికి పసుపు పూశారు. దొరికిన చోటే గుడి కట్టాలని పెద్దలు నిర్ణయించారు. దొరికిన చోటు బాలెమ్మ చేను. ఆమె మొగుడు పోయిన మనిషి. ఇద్దరు బిడ్డలు, నాలుగు చిన్న నేలచెక్కల కొర్ర, అంతే ఆమె సంసారం. కొర్ర ఇంకా పాలకంకి మీద ఉంది.

"ఒక నెల ఆగండయ్యా. గింజ గట్టిపడితే నేనే కోసిస్తా," అంది బాలెమ్మ.

"దేవుడు ఏరి కోరి నీ చేన్లో దిగినాడు. ఇంకేం కావాల నీకు?" అన్నాడు పెద్దకాపు.

"దిగేటోడు కోతలయినాక దిగగూడదా?"

కొందరు నవ్వారు. రోజుకొక చెక్క కోసి చదును చేయాలని మాత్రం తీర్మానమైంది.

మౌనాచారికి అప్పటికే చూపు సన్నగిల్లింది. ఆ సాయంత్రం కొలిమిలో సుంకన్నను దగ్గరికి పిలిచాడు.

"పరీక్ష చేసినావా, సుంకా?"

"ఏం పరీక్ష, అయ్యా?"

"నిజంగా రాలిన రాయిని మా తాత ఒకదాన్ని చూసినాడు. మూడు సంగతులు చెప్పినాడు. సూదంటురాయి దాన్ని పట్టాల. సాటి రాయికంటే బరువు తూగాల. ఈ రెండూ చాలవు. పగలగొట్టి చూడాల. పైన మాత్రం సన్నగా కాలిన తొక్క, లోపలంతా గట్టి. లోపల బుడగలుంటే అది పైనుంచి రాలేదు."

"దేవుణ్ణి పగలగొట్టమంటావా?"

"రాయిని పగలగొట్టమంటున్నా. దేవుడో కాదో తర్వాత తేలుతాది."

మర్నాడు మిట్టమధ్యాహ్నం జనం సంగటికి ఇళ్లకు పోయారు. చావడిలో సుంకన్న ఒక్కడే మిగిలాడు. కొలిమిలోంచి తెచ్చిన సూదంటురాయిని ఆనించాడు. పట్టింది. కావడిబద్దకు ఒకవైపు ఆ రాయిని, ఒకవైపు అంతే ఉన్న గుట్టరాయిని కట్టి ఎత్తాడు. నల్లరాయి వైపే దిగింది. ఇక చాలు, ఇంటికి పోదామనుకున్నాడు. పోలేదు. సుత్తితో ఒక అంచు రాల్చాడు.

లోపల అట్టు మీద చిల్లుల్లా బుడగలు. ఒక బుడగలో చిటికెడు కట్టెబొగ్గు.

అది చిట్టెం. ఇనుము కరిగించినప్పుడు బట్టీ అడుగున మిగిలే మడ్డి. ఆకాశంలో కట్టెబొగ్గు కాల్చేవాళ్లెవరూ లేరు. ఒకప్పుడు ఆ చేని గట్టునే తన తాత బట్టీలు పెట్టి నల్లిసుకను కరిగించాడని, మడ్డిని అక్కడే పారబోశాడని సుంకన్న చిన్నప్పుడు విన్నాడు. తాత పారబోసినదానికి ఊరు మొక్కుతోంది. ఇంకెవరు పొరబడినా సరే, నిప్పు పక్కనే పుట్టి నిప్పు పక్కనే పెరిగిన తను ఎలా పొరబడ్డాడు? పొరబడ్డాడా, పొరబాటు కావాలనుకున్నాడా? ఆ ప్రశ్న దగ్గర అతను చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత అతని చేతులు విరిగిన వైపును గోడకు తిప్పి, పైన పసుపు మెత్తాయి. ఎవరూ చేయమనలేదు.

ఆ పొద్దు మొదటి చెక్క కోయడానికి మనుషులు కొడవళ్లు పట్టుకున్నారు. సుంకన్న నోరు తెరిచాడు. "కూర్చో సుంకన్నా," అన్నాడు పెద్దకాపు. సుంకన్న కూర్చున్నాడు.

రెండోనాడు రెండో చెక్క. సుంకన్న నోరు తెరిచాడు. "కూర్చో సుంకన్నా," అన్నారు నలుగురూ. సుంకన్న కూర్చున్నాడు.

మూడోనాడు మూడో చెక్క. కోసిపడేసిన పచ్చికంకులను బాలెమ్మ బిడ్డలు ఏరుకుని నములుతున్నారు. ఆనాడు కూర్చోమని ఎవరూ అననక్కరలేకపోయింది. అతనే కూర్చున్నాడు.

నాలుగోనాడు బాలెమ్మ చావడికి వచ్చి సుంకన్న ఎదుట చేతులు జోడించింది.

"నీకు కనపడినాడు గదా, అన్నా, దేవుడు. నీ మాటైతే వింటాడేమో. ఈ ఒక్క చెక్క విడిచిపెట్టమని అడుగు."

సుంకన్న లేచాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. రాయిని తిప్పి, పసుపు గీకి, బుడగలు చూపించాడు, బొగ్గు చూపించాడు.

"ఇది చిట్టెం. మా తాత పారబోసింది. పైనుంచి రాలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి తేలికయ్యేది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" బాలెమ్మ అడిగింది.

అబద్ధం చెప్పే వీలు ఇంకా ఉంది. ఈ పొద్దే తెలిసిందంటే సరిపోయేది.

"మొదటి చెక్క కోయకముందు," అన్నాడు.

బాలెమ్మ చేనికి నడిచింది, జనం వెంట నడిచారు. నేల చదునైన మూడు చెక్కలనూ ఆమె వరసగా చూసింది. "అయితే ఆ మూడూ నువ్వు తిన్నట్టే," అని, నాలుగో చెక్కలోకి వెళ్లి నిలబడింది. కొడవళ్లు దిగిపోయాయి. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు పోయారు. తనకు ముందే అనుమానం వచ్చిందని ఒక్కొక్కరూ పెళ్లాలతో చెప్పుకున్నారు.

సుంకన్న కొలిమిలో తనకొచ్చే గింజలను ఆ ఏడంతా బాలెమ్మ గడపలో పోశాడు. మళ్లీ చెక్కలు దున్నాడు, కలుపు తీశాడు, పిట్టలు తోలాడు. ఒక్క ఏడు కాదు, బతికినన్నాళ్లూ. ఆమె గట్టు మీద అతనికి అంబలి పోసేది. పనిమాట తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. ఆమె క్షమించిందని ఈ కథలో ఎక్కడా లేదు. లేనిదాన్ని చేర్చడానికి చెప్పేవాళ్లకు మనసొప్పలేదు. చావడిలో కూర్చోమంటే సుంకన్న మళ్లీ ఎన్నడూ కూర్చోలేదు.

అతను పోయిన రోజున, ఇతన్ని ఏమని తలచుకోవాలి అని ఊరు తికమకపడింది. నిజం దాచినవాడనా, నిజం చెప్పినవాడనా? అప్పటికి ముసలిదైన బాలెమ్మ మట్టి వేసి, చేతులు దులుపుకుంది.

"చెప్పినాడు. ఆలస్యంగా చెప్పినాడు. రెండూ గుర్తుపెట్టుకోండి."

రెండూ గుర్తుపెట్టుకున్నారు. ఈనాటికీ ఆ ఏడు గుట్టల నడుమ వింతరాయి దొరికితే సూదంటురాయి ఆనిస్తారు, తూస్తారు, పగలగొడతారు. పగలగొట్టేదాకా దానికి పసుపు పూయరు. కుండ పగలగొట్టిన పిల్లయినా, గట్టు జరిపిన పెద్దయినా, తప్పు చెప్పుకోవడానికి వస్తే అక్కడివాళ్లు ముందుగా తిట్టరు. "ఎన్ని చెక్కలు కోసినాక చెబుతున్నావు?" అని అడుగుతారు. వచ్చినవాడు తల వంచుకుని, ఒకటనో రెండనో అంటాడు. జవాబు ఏదైనా, విన్నవాళ్లు వెంటనే లేచి, మిగిలిన చెక్కను కాపాడడానికి బయలుదేరతారు.