దస్తగిరి రెండు గుర్రాలు

కంభం రైలుస్టేషను దగ్గర దస్తగిరి అనే జట్కావాడు ఉండేవాడు. పని తెలిసినవాడే, కానీ ఒకరు చెబితే వినే గుణం మాత్రం అతనిలో లేదు.

అతని గుర్రం పేరు బండోడు. నాటు జాతి, పొట్టి కాళ్లు, మందపు మెడ. దాని తల్లి ఉప్పు బస్తాలు మోసింది, తల్లి తల్లి సున్నపు బస్తాలు మోసింది. కళ్లెం ఎంత బిగించినా దానికి లెక్క ఉండేది కాదు. దస్తగిరి పగ్గాలు గట్టిగా లాగి పట్టి, కొరడా కర్రను చక్రపు ఆకుల మధ్య పెట్టి టకటకలాడించేవాడు. ఆ చప్పుడు వింటేనే బండోడు పరుగెత్తేది. ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి.

ఒకనాడు బండోడి గిట్టలో మేకు దిగింది. రెండు నెలలు బండికి కట్టకూడదన్నారు. దస్తగిరి పక్క ఊరి దొరగారి లాయంలో చాందిని అనే ఆడగుర్రాన్ని కొన్నాడు. లాయం చూసే ఫకీరప్ప దాని మెడ నిమురుతూ చెప్పాడు.

"చెవులు చూడు దస్తగిరీ, కొనలు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎడారి దేశపు జాతి ఇది. దీని తల్లీ, అమ్మమ్మా రౌతుల కింద పెరిగాయి. పగ్గాన్ని వేలితో కదిపితే చాలు, తెలుసుకునే నోరు. దొరగారి చిన్న బండికి నేనే అలవాటు చేశాను. పగ్గం వదులుగా పట్టు. కొట్టకు, మాట చెప్పు."

"గుర్రమంటే గుర్రమే పెద్దాయనా. ఎనిమిదేళ్లుగా తోలుతున్నాను, నాకు చెప్పొస్తావా?" అన్నాడు దస్తగిరి.

మర్నాడే పగ్గాలు బిగించి, చక్రంలో కర్ర పెట్టాడు. చాందిని ముందుకాళ్లు గాల్లోకి లేపింది. బండిలోని వాళ్లు మూటలతో సహా కిందికి దూకేశారు. రోజూ ఇదే వరస. స్టాండులో తోటి జట్కావాళ్లు పగలబడి నవ్వేవాళ్లు.

"దస్తగిరి భాయ్, గుర్రాన్ని కొన్నావా, గాలిపటాన్ని కొన్నావా?" అన్నాడు కాశిం.

"ముందుకు జరగండి బాబూ అని మనం అరుస్తాం. ఈయన బండిలో అందరూ వాళ్లంతట వాళ్లే వెనక్కి జారిపోతారు!" అన్నాడు మరొకడు.

"పొగరు దించుతాను చూడండి," అని దస్తగిరి ఇంకా పొడుగు కొరడా కొన్నాడు.

సంత రోజు వచ్చింది. బళ్లన్నీ సంతకు పోయాయి. స్టాండులో దస్తగిరి ఒక్కడే మిగిలాడు. మంత్రసాని ఓబులమ్మ సంచి చంకన పెట్టుకుని పరుగున వచ్చి ఎక్కింది.

"వాగు అవతలి పల్లెకు పోనియ్యి నాయనా. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందట. నేను పోవడం ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు."

దస్తగిరి పగ్గాలు లాగాడు. కర్ర టకటకలాడించాడు. చాందిని నిట్టనిలువుగా లేచింది. నొగలు పైకి లేచి, ఓబులమ్మ తల బండి గూడుకు కొట్టుకుంది. దస్తగిరి కోపంతో కొరడా ఎత్తాడు.

"ఆపు! నీ ముగ్గురు పిల్లలకూ పురుడు పోసింది నేనే," అంది ఓబులమ్మ. "ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకేలా పోశాననుకున్నావా? గట్టి మనిషిని ఒకలా పట్టుకోవాలి, బెదిరే మనిషిని ఒకలా పట్టుకోవాలి. ఈ గుర్రాన్ని అమ్మినాయన నీకేమీ చెప్పలేదా?"

"చెప్పాడక్కా."

"మరి?"

"నేను వినలేదు."

"అయితే ఇప్పుడు విను. అక్కడ రెండు ప్రాణాలు ఎదురుచూస్తున్నాయి."

దస్తగిరి కిందికి దిగాడు. కొరడాను సీటు కింద పెట్టాడు. చాందిని మెడ మీద చెయ్యి వేసి, "తప్పు నాదే తల్లీ, పద," అన్నాడు. మళ్లీ ఎక్కి పగ్గాలు జానెడు వదిలాడు. వెనక్కి వాలి ఉన్న దాని చెవులు మెల్లగా లేచి, కొనలు తగిలాయి. అడుగు పడింది.

వాగు దగ్గర గుర్రం ఆగింది. దస్తగిరి చేతులు పగ్గాలు లాగబోయాయి. పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు. చాందిని నీళ్లు వాసన చూసి, నాలుగడుగులు పక్కకు జరిగి, లోతు లేని చోట దాటింది. గట్టెక్కాక అది పరుగెత్తిన తీరుకు ఓబులమ్మ బండి కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే పల్లెలో ఆడపిల్ల కేర్‌మంది. తల్లీబిడ్డా క్షేమం. ఆ ఇంటివాళ్లు చాందినికి తట్టెడు ఉలవల గుగ్గిళ్లు పెట్టారు.

బండోడి గిట్ట మానింది. ఇక నుంచి అన్ని గుర్రాలనూ మంచి మాటతోనే తోలాలని దస్తగిరి నిశ్చయించుకున్నాడు. బండోణ్ణి కట్టి, పగ్గాలు వదిలి, "పద నాయనా," అన్నాడు. బండోడు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత తీరిగ్గా దారి పక్కన గడ్డి మేయడం మొదలుపెట్టింది.

"మాట బాగానే విన్నట్టుంది భాయ్!" అన్నాడు కాశిం.

దస్తగిరి కూడా నవ్వేశాడు. పగ్గాలు బిగించి, కర్ర తీసి చక్రంలో టకటకలాడించాడు. బండోడు తోక ఎగరేసి హుషారుగా పరుగు తీసింది. ఆనాటి నుంచి రెండు గుర్రాలకూ రెండు రకాలుగా పగ్గం పట్టి, దస్తగిరి హాయిగా బతికాడు.

నీతి: ప్రతి ప్రాణికీ పుట్టుకతో వచ్చిన స్వభావం ఒకటి ఉంటుంది, అది తెలుసుకుని పగ్గం పట్టినవాడే ఊరు చేరతాడు.